తాయెత్తు ముడులు

దండకు తాయెత్తు కట్టబోయిన పూజారి
తాడు చాలక ఇంకో జానెడు అడిగాడట,
మా నాన్న ఎల్లాజీ పెళ్ళయిన ఏడు.
అమ్మ ఆ మాట నవ్వుతూ మొదలెట్టి
మధ్యలో ఆపేస్తుంది ఈమధ్య.

ఆ తాడే పోయినేడు మోచేతి దాకా జారింది.
అమ్మ ఒక ముడి వేసి బిగించింది.
వినాయక చవితికి ఇంకోటి.
దీపావళికి నాలుగు, శివరాత్రికి ఆరు.
కండ ఎటు పోతోందో తెలియలేదు మాకు,
తూకం మిషను మీద మాత్రం అదే అంకె,
యాభై ఎనిమిది.

"అది ఒళ్ళు కాదు, నీరు" అంది
కేజీహెచ్‌లో డైటీషియన్ శర్వాణి మేడమ్.
చీలమండ మీద వేలితో నొక్కి చూపించింది.
గుంట పడింది,
తడి ఇసకలో అడుగులా తీరిగ్గా పూడింది.

ఎండు నెత్తళ్ళు అమ్ముకునే ఇల్లు మాది.
గోనె విదిలిస్తే ఉప్పు, అమ్మ కొంగు పిండితే ఉప్పు.
నాన్న కంచంలోనే లేదు.
పెదజాలరిపేట గట్టు మీద, అంత సముద్రం ఎదుట,
నీళ్ళు గ్లాసుతో కొలుచుకు తాగే జాలరిని
మీరు చూశారో లేదో.
బుగ్గన ఐసు ముక్క పెట్టుకుని
అది కరిగేలోగా ఎన్ని బోట్లు తిరిగొచ్చాయో లెక్కపెడతాడు.

మిషను ఎక్కకముందు పప్పు తగ్గించమన్నారు.
ఎక్కాక గుడ్డు తినమన్నారు, చేప తినమన్నారు.
నాన్నకి ఒళ్ళు మండింది.
"ఒద్దన్న నోటితోటే తినమంతారేటి?"
మేడమ్ నొచ్చుకోలేదు.
"వల కన్ను ఎంత చిన్నదైనా పిల్ల చేపలు జారిపోవా?
రక్తం కడిగేటప్పుడు బలం కూడా అలాగే జారుతుంది.
పోయింది మళ్ళీ పెట్టకపోతే
ఒళ్ళు తన కండ తనే తింటుంది."
వల సంగతి వచ్చాక నాన్న మరి వాదించలేదు.

తినడమే కష్టం.
ముద్ద నోట పెడితే లంగరు నాకినట్టుంది అంటాడు.
దుంపలు ఉడికించి నీళ్ళు వంపేసి,
నిమ్మచెక్క, మిరియం, వెల్లుల్లితో అమ్మ ఏదో తంటాలు పడుతుంది.
కొబ్బరిబొండాల బండి వస్తే తలుపు మూసేస్తుంది.
రెండు తెల్లసొనలు నాన్నవి.
పచ్చసొనలు పక్కింటి దాలమ్మ పిల్లివి.
మా ఇంట్లో ముందు ఒళ్ళు చేసింది ఆ పిల్లే.

కసరత్తు ఐసు పెట్టె మీద.
కూర్చోవాలి, చేతులు ఆనించకుండా లేవాలి.
మొదటిరోజు మూడుసార్లు, అదీ గోడ పట్టుకుని.
తెప్పని ఒక్కడే ఇసక మీదికి లాగిన మనిషి
మూడుసార్లు లేచి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.
నేను చూడనట్టు బయటికి పోయాను.

కిటికీ ఊచకి పాత సైకిలు ట్యూబు కట్టాం, కుడిచేత్తో లాగడానికి.
ఎడంచెయ్యి సూదులది.
చెవి ఆనిస్తే లోపల బోటు ఇంజను తిరుగుతున్న మోత.
దాంతో బరువు ఎత్తకూడదు,
మెత్తటి బంతి పిసకాలి.
సోమ, బుధ, శుక్రవారాలు మిషనువి.
మిగతా సాయంత్రాలు వలలు ఆరేసే కర్రల దాకా నడక.
కొన్ని రోజులు కర్రలు దూరం జరిగిపోతాయి.
కొన్ని రోజులు ఊరికే పడుకుంటాడు, మేం కదపం.

కిడ్నీలు తిరిగి రావని తెలుసు.
ఎవరూ అలా చెప్పలేదు, మేం అడగా లేదు.

మొన్న శనివారం ఒళ్ళు తుడుస్తూ
అమ్మ తాడు కింద వేలు దూర్చబోయింది.
దూరలేదు.
గోటితో ఒక ముడి తియ్యబోయింది.
ఉప్పుగాలికి బిగుసుకుపోయింది, రాలేదు.
"వల ముడులిప్పేటోడ్ని ఎదురుగా ఎట్టుకోని..."
అని విసుక్కుంటూ నాన్న
మెడ వంచి, పంటికొసతో, ఎడంచేతి రెండు వేళ్ళతో
చాలాసేపు కుస్తీపట్టి
విప్పాడు.

ఇంకా ఐదున్నాయి.

తర్వాత, ఏడాదిగా అడగనిది అడిగాడు:
"గుడ్డుడికిందేటే?"